ముద్ర పడని నాణెం చిల్లరలో వస్తే: గుర్తుపట్టడం, విలువ కట్టడం ఎలా

చిల్లర లెక్కపెట్టుకుంటుంటే ఒక్కోసారి రెండు వైపులా ఏమీ లేని బిళ్ళ కనబడుతుంది. అంకె లేదు, సింహాలు లేవు, సంవత్సరం లేదు. చాలామంది "చెల్లని బిళ్ళ అంటగట్టాడు" అని విసుక్కుని, ఇంకెవరికో ఇచ్చేయాలని చూస్తారు. ఇంకొందరు ఏదో వీడియో చూసి లక్షలు వస్తాయని ఆశపడతారు. రెండూ వద్దు. అది టంకశాలలో అచ్చు పడకుండా తప్పించుకొచ్చిన బిళ్ళ కావచ్చు, కరెంటు పనివాళ్ళు స్విచ్ బాక్సులోంచి కొట్టేసిన ఇనుప ముక్క కూడా కావచ్చు. ఏదన్నది చాలావరకు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గ్రాములో వందో వంతు వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా, వ్యాసం కొలిచే ఒక వెర్నియర్ కాలిపర్, ఒక అయస్కాంతం, టార్చిలైటు ఉంటే చాలు. కాటా కొనడం ఇష్టం లేకపోతే తెలిసిన బంగారం కొట్టుకు వెళ్ళండి, ఒక్క నిమిషంలో తూచి పెడతారు.

అది ఎలా తయారవుతుందో ముందు తెలుసుకోండి

మిగతా పరీక్షలన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. లోహాన్ని పొడవాటి పట్టీగా సాగదీసి, ప్రెస్సుతో గుండ్రటి బిళ్ళలు కొడతారు. వాటిని కొలిమిలో కాచి మెత్తబరుస్తారు, కడిగి ఆరబెడతారు. అంచును ఒత్తి పైకి లేపే యంత్రంలోంచి పంపుతారు. అప్పుడు బిళ్ళ చుట్టూ సన్నటి గట్టు లేస్తుంది. చివరికి అది ఉక్కు కంకణంలో కూర్చుంటుంది, పైనుంచీ కిందనుంచీ రెండు అచ్చులు ఒక్కసారి పడతాయి. బొమ్మ, అంకె ఆ దెబ్బతోనే వస్తాయి. అంచు మీద గీతలున్న నాణేలకు ఆ గీతలు కూడా మామూలుగా కంకణంలోనే పడతాయి.

ఆ చివరి దెబ్బ తప్పిపోయి సంచిలోకి జారిపోయినదే మన ఖాళీ బిళ్ళ. అంచు గట్టు లేవకముందే బయటపడితే సేకర్తలు టైప్ వన్ అంటారు, గట్టు లేచాక బయటపడితే టైప్ టూ అంటారు.

ఇంకో సంగతి. మన టంకశాలలు ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడాల్లో ఉన్నాయి. అయితే అక్కడ అచ్చు పడే ప్రతి బిళ్ళా అక్కడే పుట్టదు. సేలం ఉక్కు కర్మాగారం లాంటి చోట్ల కూడా నాణేల బిళ్ళలు కొడతారు. అంటే మీ చేతిలో ఉన్నది టంకశాల గడప తొక్కని బిళ్ళ కూడా అయ్యుండవచ్చు. విలువ దగ్గరికి వచ్చినప్పుడు ఈ విషయం మళ్ళీ పనికొస్తుంది.

మొదటి పని: కడగొద్దు

చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్, పీతాంబరి పొడి, ఏదీ వద్దు. రుద్దితే వచ్చే మెరుపు సేకర్తకు దూరం నుంచే తెలిసిపోతుంది, అక్కడితో ధర బాగా పడిపోతుంది. అచ్చు పడని బిళ్ళ సహజంగానే కాస్త మెరుపు తక్కువగా, మబ్బుగా ఉంటుంది. వేల బిళ్ళల మధ్య దొర్లి వచ్చిన చిన్న చిన్న దెబ్బలు, గీతలు దాని మీద ఉంటాయి. సాధారణంగా అచ్చు దెబ్బకు అవి చదునైపోతాయి. దీనికి ఆ దెబ్బ పడలేదు కాబట్టి అలాగే ఉండిపోయాయి. అవి లోపం కాదు, సాక్ష్యం. తుడిచేయకండి.

అంచు పట్టుకుని ఎత్తండి. కాగితం కవర్లో గానీ, నాణేల కోసం అమ్మే అట్ట హోల్డర్లో గానీ పెట్టండి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వాడొద్దు. అవి కాలక్రమంలో రాగి కలిసిన లోహాల మీద పచ్చటి జిగురు పట్టిస్తాయి. కవరు మీద తేదీ, ఎక్కడ వచ్చిందో రాసిపెట్టండి. బ్యాంకు నుంచి తెచ్చిన కొత్త నాణేల సంచిలో వచ్చిందా, బస్సు టికెట్టు చిల్లరలో వచ్చిందా అన్నది తర్వాత చాలా ముఖ్యం.

రెండో పని: నిజంగా ఖాళీయేనా?

గదిలో లైటు ఆర్పేసి, టార్చి వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుని, బిళ్ళను నెమ్మదిగా తిప్పండి. అరిగిపోయిన నాణెమైతే సింహాల నీడ, అంకె తోక, పేరులో ఒక అక్షరం లీలగా కనబడుతుంది. అచ్చులో నూనె, మడ్డి పేరుకుని బొమ్మ సరిగా పడని నాణెం కూడా ఇలాగే ఉంటుంది. అది వేరే రకం లోపం, దాని విలువ వేరు. రెండు వైపులా చూడండి. ఒకవైపు పూర్తిగా బొమ్మ ఉండి రెండోవైపు నున్నగా ఉంటే మాత్రం ఇంకా శ్రద్ధగా దాచండి. రెండు బిళ్ళలు ఒకేసారి అచ్చుల మధ్య పడినప్పుడు అలాంటివి పుడతాయి, ఉత్త బిళ్ళ కంటే వాటికి గిరాకీ ఎక్కువ. కాకపోతే ఎవరైనా ఒకవైపు అరగదీసి ఉండవచ్చు కాబట్టి తూకం తప్పనిసరి.

మూడో పని: అంచు

గోరుతో అంచు తడమండి. రెండు వైపులా చుట్టూ సమానంగా సన్నటి గట్టు తగిలితే టైప్ టూ. గట్టు లేకుండా మొత్తం చదునుగా ఉంటే టైప్ వన్ కావచ్చు. టైప్ వన్ పక్కభాగాన్ని భూతద్దంతో చూస్తే కొంత మేర నున్నగా కోసినట్టు, మిగతా మేర గరుకుగా చిరిగినట్టు ఉంటుంది. ప్రెస్సు లోహాన్ని కొంత కోసి, మిగతాది తెంపుతుంది కాబట్టి అలా వస్తుంది.

గీతలున్న అంచు కనబడితే జాగ్రత్త. గీతలు ఉన్నాయంటే చాలావరకు అది కంకణంలో కూర్చుని దెబ్బ తిన్న నాణెమే. తర్వాత ఎవరో ముఖాలు గీకేశారన్నమాట.

నాలుగో పని: తూకం, వ్యాసం, అయస్కాంతం

అసలు తీర్పు ఇక్కడే వస్తుంది. అచ్చు దెబ్బకు బొమ్మ వస్తుంది, ఆకారం కాస్త మారుతుంది, బరువు మాత్రం మారదు. కాబట్టి నిజమైన ఖాళీ బిళ్ళ తన నాణెం పూర్తి బరువు తూగాలి, కొద్ది తేడాతో. వ్యాసం అంత కచ్చితంగా కలవక్కర్లేదు. టైప్ టూ బిళ్ళ కంకణంలోకి దిగాలి కాబట్టి తయారైన నాణెం కంటే వెంట్రుకవాసి చిన్నదిగా ఉంటుంది.

మన చేతుల్లో తిరిగిన నాణేల కొలతలు ఇవి:

పావలా, స్టీలుది: 2.83 గ్రాములు, 19 మి.మీ.
అర్ధ రూపాయి, 1988 నుంచి వచ్చిన స్టీలుది: 3.79 గ్రాములు, 22 మి.మీ. 2011 తర్వాతది: 2.95 గ్రాములు, 19 మి.మీ.
రూపాయి, 1992 నుంచి 2011 వరకు: 4.85 గ్రాములు, 25 మి.మీ. 2011 నుంచి: 3.79 గ్రాములు, 21.93 మి.మీ. 2019 నుంచి: 3.09 గ్రాములు, 20 మి.మీ.
రెండు రూపాయలు, పదకొండు మూలల కుప్రోనికెల్‌ది (రాగి, నికెల్ కలిసిన లోహం): 6 గ్రాములు, 26 మి.మీ. 2007 స్టీలుది: 5.62 గ్రాములు, 27 మి.మీ. 2011 నుంచి: 4.85 గ్రాములు, 25 మి.మీ. 2019 నుంచి: 4.07 గ్రాములు, 23 మి.మీ.
ఐదు రూపాయలు, పాత లావుది: 9 గ్రాములు, 23 మి.మీ. 2007 స్టీలుది, 2009 నుంచి వచ్చిన పసుపుది: రెండూ 6 గ్రాములు, 23 మి.మీ. 2019 నుంచి: 6.74 గ్రాములు, 25 మి.మీ.

స్టీలు నాణేల్లో దాదాపు 83 శాతం ఇనుము, 17 శాతం క్రోమియం. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. కుప్రోనికెల్, పసుపు రంగు నికెల్ బ్రాస్, పాత అల్యూమినియం పైసలు పట్టుకోవు. 6 గ్రాములు, 23 మి.మీ. ఉన్న ఐదు రూపాయల బిళ్ళ దొరికితే ఏ రకమో అయస్కాంతం వెంటనే చెప్పేస్తుంది.

ఇప్పుడు పై కొలతలు ఇంకోసారి చూడండి. 4.85 గ్రాములు, 25 మి.మీ. స్టీలు బిళ్ళ దొరికిందనుకోండి. అది పాత రూపాయిదా, 2011 తర్వాతి రెండు రూపాయలదా? చెప్పలేం. లోహం ఒకటే, బరువు ఒకటే, సైజు ఒకటే. 3.79 గ్రాముల బిళ్ళ కూడా అంతే, పాత అర్ధ రూపాయి కావచ్చు, 2011 తర్వాతి రూపాయి కావచ్చు. నాణేల సైజు తగ్గించుకుంటూ వచ్చినప్పుడు కింది నాణెం కొలతలే పై నాణేనికి ఇచ్చారు. అందుకే "ఇది 2004 రూపాయి బిళ్ళ" అని ఎవరైనా ధీమాగా అమ్మజూపితే నమ్మకండి. సంవత్సరం అచ్చులో ఉంటుంది, బిళ్ళలో ఉండదు. టంకశాల గుర్తు కూడా అంతే. హైదరాబాద్ నక్షత్రం, ముంబై డైమండ్, నోయిడా చుక్క, ఇవేవీ పడని బిళ్ళ ఏ ఊరిదో బిళ్ళను చూసి ఎవరూ చెప్పలేరు. నిజాయితీగల సేకర్త తన కవరు మీద "రూపాయి లేదా రెండు రూపాయల స్టీలు బిళ్ళ, టైప్ టూ" అని మాత్రమే రాసుకుంటాడు. నాకు ఆ రాత చూస్తేనే అమ్మేవాడి మీద నమ్మకం కుదురుతుంది.

పది రూపాయల సంగతి వేరు. అది రెండు లోహాల నాణెం, 27 మి.మీ., 7.7 గ్రాముల చుట్టూ తూగుతుంది. బయటి రింగు, లోపలి బిళ్ళ విడివిడిగా తయారవుతాయి, అచ్చు దెబ్బతోనే రెండూ బిగుసుకుంటాయి. దెబ్బ పడకపోతే విడిపోయే అవకాశమే ఎక్కువ. కాబట్టి ముద్ర లేకుండా రెండూ గట్టిగా అతుక్కుని ఉన్న పది రూపాయల బిళ్ళ కనబడితే అనుమానంతోనే మొదలుపెట్టండి. రింగు ఒక్కటే దొరికితే దాని మీద అక్షరాలున్నాయేమో చూడండి. ఉంటే అది నాణెంలోంచి ఊడగొట్టిన రింగు. పన్నెండు మూలల ఇరవై రూపాయలకు కూడా, 8.54 గ్రాములు, ఇదే లెక్క.

నకిలీలు, పొరపాట్లు

ఇంట్లో, రోడ్డు మీద దొరికే గుండ్రటి ముక్కలన్నీ నాణేలు కావు. ఎక్కువగా మోసం చేసేది స్విచ్ బాక్సు బిళ్ళ. ఇనుప బాక్సుల్లో పైపు దూర్చడానికి ముందే సగం కోసి ఉంచిన గుండ్రటి మూతలుంటాయి. పనివాళ్ళు స్క్రూడ్రైవరుతో కొడితే ఊడిపోతాయి. సైజు రూపాయి బిళ్ళకు దగ్గరగా ఉంటుంది, అయస్కాంతానికీ అతుక్కుంటుంది. కానీ అంచులో ఒకచోట తెగిన ముక్క గుర్తు ఉంటుంది, చుట్టూ గట్టు ఉండదు, కొద్దిరోజులకు తుప్పు పడుతుంది. నాణేల స్టీలు మామూలుగా తుప్పు పట్టదు. అలాగని పరీక్ష కోసం ఉప్పునీళ్ళలో నానబెట్టకండి.

రైలు పట్టాల మీద పిల్లలు పెట్టిన నాణెం పూర్తిగా గుండ్రంగా ఉండదు, పల్చగా, వెడల్పుగా అయిపోతుంది. గేమ్ సెంటర్ల టోకెన్లకు బరువు ఏ నాణెంతోనూ కలవదు. వాషర్‌కి మధ్యలో చిల్లు ఉంటుంది కాబట్టి సమస్యే లేదు.

కావాలని చేసే మోసం ఒకటే పెద్దది: మంచి నాణేన్ని గ్రైండరు మీద అరగదీయడం. దాన్ని పట్టుకోవడం తేలిక. వ్యాసం పూర్తి నాణెంతో సరిగ్గా సమానంగా ఉండి బరువు తక్కువైతే అరగదీసిందే. భూతద్దంలో ఒకే దిక్కుకు పోయే సన్నటి గీతలు, పల్చబడిన అంచు కూడా చెప్పేస్తాయి. ఆమ్లంలో ముంచి బొమ్మ కరిగించినదాని ఉపరితలం పుప్పిపట్టినట్టు సన్నటి గుంటలతో ఉంటుంది, బరువు కూడా తగ్గుతుంది. మొత్తంగా చూస్తే, బరువు తక్కువైన "ఖాళీ బిళ్ళ"ను నేను కొనను. మీరూ కొనకండి.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. టైప్ వన్ బిళ్ళను నిరూపించడం కష్టం. సరైన స్టీలు పట్టీ, సరైన డై ఉన్న ప్రెస్సు వర్క్‌షాపు ఏదైనా అలాంటి చదును బిళ్ళను కొట్టగలదు. చుట్టూ సమానంగా గట్టు లేచిన టైప్ టూ బిళ్ళను నకలు చేయడం అంత సులువు కాదు. అమెరికాలో టైప్ వన్ కొంచెం అరుదని దానికి కాస్త ఎక్కువ ఇస్తారు. మన స్టీలు నాణేల విషయంలో నా ఓటు టైప్ టూకే.

విలువ కట్టడం

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. లోహం ధర లెక్కలోకి రాదు, నాలుగైదు గ్రాముల స్టీలుకు ఏం వస్తుంది? ముఖవిలువ కూడా లేదు, ఎందుకంటే అది ఇంకా నాణెం కాలేదు. మిగిలేది సేకర్తల ఆసక్తి ఒక్కటే. ఆ ఆసక్తి ఎంత నిరూపించగలం అన్నదాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది.

కింది మెట్టు మీద మామూలు స్టీలు ఖాళీ బిళ్ళలు ఉంటాయి. కొత్త సేకర్త తన ఆల్బమ్‌లో ఒకటి ఉండాలని కొంటాడు, అంతే. దానికంటే కుప్రోనికెల్, నికెల్ బ్రాస్ బిళ్ళలు నయం, ఎందుకంటే బరువు, లోహం కలిసి అవి ఏ నాణేనివో చాలావరకు తేల్చేస్తాయి. 9 గ్రాముల లావు ఐదు రూపాయల బిళ్ళను ఇంకో దేనితోనూ పొరబడలేం. వీటన్నిటి పైన ఉండేవి కొంతైనా ముద్ర పడినవి: పక్కకు జరిగి సగం బొమ్మే పడినవి, ఒకవైపే పడినవి, ఐదు రూపాయల అచ్చు రూపాయి బిళ్ళ మీద పడినవి. సంవత్సరం, టంకశాల గుర్తు కూడా కనబడితే మరీ మంచిది. కారణం సూటిగా ఉంది. అచ్చు టంకశాల తలుపులు దాటి బయటికి రాదు కాబట్టి ఆ నాణెం లోపలే పుట్టిందని బొమ్మే చెబుతుంది. ఉత్త బిళ్ళకు ఆ సాక్ష్యం లేదు. మీ చిల్లరలో ఖాళీ బిళ్ళ దొరికిన సంతోషంలో పక్కనున్న వంకర నాణేన్ని ఖర్చు పెట్టేయకండి.

ధర తెలుసుకోవాలంటే ఆన్‌లైన్‌లో అడుగుతున్న ధరలు చూడొద్దు. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. అమ్ముడైన ధర చూడండి. ముంబైలోని తోడీవాలా, బెంగళూరులోని మరుధర్ లాంటి వేలం సంస్థల పాత జాబితాల్లో లోపాలున్న నాణేలు కూడా వస్తుంటాయి, ఎంతకు పోయాయో అందులోనే ఉంటుంది. మీ దానితో అదే లోహం, అదే రకం, అదే స్థితి ఉన్నవాటినే పోల్చుకోండి. నాణెం అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చే అమెరికన్ గ్రేడింగ్ సంస్థలకు పంపి సర్టిఫికెట్ తెప్పించుకోవచ్చు గానీ, స్టీలు బిళ్ళకైతే రానూపోనూ ఖర్చే బిళ్ళ ధరను మించిపోతుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకు

మనవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ నాలుగు అంకెలు. సెంటు 2.50 గ్రాములు, 1982కు ముందరి రాగిది 3.11. నికెల్ (ఐదు సెంట్ల నాణెం) 5.00, డైమ్ (పది సెంట్లు) 2.27, క్వార్టర్ (పాతిక సెంట్లు) 5.67. డైమ్, క్వార్టర్ బిళ్ళల అంచులో రాగి రంగు పొర కనబడాలి. క్వార్టర్ సైజు బిళ్ళ 6.25 గ్రాములు తూగి అంచంతా తెల్లగా ఉంటే అది 1964 వరకు వచ్చిన వెండిది కావచ్చు, తప్పకుండా నిపుణుడికి చూపించండి. మామూలు సెంటు బిళ్ళకు కొద్ది డాలర్లే వస్తాయి. రాగి పూత లేని తెల్లటి సెంటు బిళ్ళ కనబడితే ఆమ్లంతో పూత తీసేసి ఉండవచ్చన్న అనుమానం పెట్టుకోండి.

అమ్మే ముందు

ఖాళీ బిళ్ళను రూపాయి అని చెప్పి కొట్టులో ఇవ్వకండి. 2011 నాణేల చట్టం ప్రకారం ప్రభుత్వ అధికారం లేకుండా లోహపు ముక్కను, దాని మీద ముద్ర ఉన్నా లేకపోయినా, డబ్బుగా వాడకూడదు. చిల్లరలో ఒక్కటి రావడం వేరు, ఎవరైనా సంచి నిండా ఖాళీ బిళ్ళలు తక్కువ ధరకు ఇస్తామనడం వేరు. అవి ఎక్కడినుంచి జారాయో ఆలోచించండి. అలాంటి బేరం ముట్టుకోకండి.

"మీ నాణెం ఐదు లక్షలకు కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనే ఫోన్లు ఇంకో ప్రమాదం. రిజర్వ్ బ్యాంకు పేరు, లోగో వాడి పాత నోట్లు, నాణేల పేరుతో ఫీజులు, కమిషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. తాము అలాంటి కొనుగోళ్ళలో లేమని కూడా చెప్పింది. కొనేవాడు మీకు డబ్బివ్వాలి. మీ దగ్గర ముందు డబ్బడిగాడంటే అతను కొనేవాడు కాదు. ఓటీపీ, బ్యాంకు వివరాలు అసలే ఇవ్వకండి.

అమ్మాలనుకుంటే నాణేల ప్రదర్శనలకు వెళ్ళి కనీసం ఇద్దరు డీలర్లకు చూపించండి. చూపించేటప్పుడు బరువు, వ్యాసం, అయస్కాంతం పట్టిందా లేదా, టైప్ ఏది, ఎప్పుడు ఎక్కడ దొరికింది, ఈ ఐదూ కవరు మీద రాసి ఉంచండి. వాళ్ళ కాటా మీద మీ ముందే తూచమనండి. రెండు తూకాలూ కలిస్తే బేరం మొదలుపెట్టవచ్చు.